బియ్యం డబ్బాలో ఆరు వేలు, వెనక గేటు నుంచి రాకపోకలు

కిరాయి బాకీ పడింది, ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు, ఏం చెయ్యాలని ఒకావిడ అడిగిన ఉత్తరమిది. నోటుబుక్కు కాగితాల మీద రాసి, పెద్దమ్మాయితో ఫొటోలు తీయించి పంపారు. పేరు వెయ్యొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి చెప్తాను.

ఆమెకు 34 ఏళ్లు. సొంతూరు వనపర్తి దగ్గర. హైదరాబాద్‌లో బోరబండ వైపు ఒక ఇంటి పైఅంతస్తులో రెండు గదుల పోర్షన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నారు. కిరాయి 7,500. అడ్వాన్స్ కింద రెండు నెలల కిరాయి, 15,000 ఇచ్చారు. కాగితం ఏమీ రాసుకోలేదు. కింద పోర్షన్‌లో ఓనర్ ఉంటారు, భర్త పోయిన పెద్దావిడ. ఈమె ఆవిడను ఆంటీ అని పిలుస్తారు. ఈమె మధురానగర్‌లో నాలుగు ఇళ్లలో పని చేస్తారు, నెలకు 14,000 వస్తాయి. భర్త సెంట్రింగ్ పని. జూలై నెలాఖరులో రెండో అంతస్తు మీంచి పడ్డారు. కాలు విరిగి రాడ్ వేశారు. మేస్త్రీ 10,000 చేతిలో పెట్టి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. జనవరి నెలాఖరు దాకా పనికి పోవద్దని డాక్టర్ చెప్పారు. ఆగస్టు నుంచి నవంబర్ దాకా నాలుగు నెలల కిరాయి, 30,000 బాకీ పడింది.

మూడు నెలలు ఆంటీ ఏమీ అనలేదు. దీపావళికి ఆవిడ కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. "డిసెంబర్ 31 లోపు ఖాళీ చెయ్యకపోతే సామాను బయట పడేసి తాళం వేస్తా, పోలీసులకు చెప్పి గెంటిస్తా" అన్నాడు. ఒక రోజు పైకి నీళ్లెక్కే మోటారు కూడా వెయ్యనివ్వలేదు. గేటుకు టూ-లెట్ బోర్డు పెట్టించాడు. ఎవరో 10,000 ఇస్తామన్నారట.

చుట్టూ ఉన్నవాళ్లు తలో మాట చెప్తున్నారు. డైలీ ఫైనాన్స్ తీసుకుని బాకీ మొహాన కొట్టమంటుంది అక్క. అందరూ ఊరికి వచ్చెయ్యండి అంటున్నాడు మరిది. "కదలకు, కిరాయి కూడా కట్టకు, కోర్టుకు పోతే ఇరవై ఏళ్లు వాళ్లేం చెయ్యలేరు" అంటున్నాడు బస్తీ లీడర్. పెద్దమ్మాయి పదో తరగతి, మార్చిలో పరీక్షలు. చివర్లో రాసిన మాటలివి: "ఆరు వేలు పోగేసి బియ్యం డబ్బాలో పెట్టిన మేడమ్. ముప్పై వేలకు ఆరు వేలు పట్టుకపోతే ఏం మర్యాద? మొత్తం కలిపి ఇద్దామని ఆగిన. ఆంటీ మొహం చూడలేక పొద్దున ఐదింటికి వెనక గేటు నుంచి పోతున్న, రాత్రి అట్లనే వస్తున్న."

అమ్మా,

ముందు ఆ బియ్యం డబ్బా సంగతి మాట్లాడుకుందాం. మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది కొడుకు బెదిరింపు కాదు, ఆ ఆరు వేలు. మీ లెక్కలో అది మర్యాద. కింద కూర్చున్న ఆవిడ లెక్కలో నాలుగు నెలలుగా ఒక్క రూపాయి రాలేదు, మనిషీ కనపడలేదు. మీరు మొహం చాటేసిన కొద్దీ, "వాళ్లు ఎగ్గొట్టే రకం" అని కొడుకు చెప్పే మాటే ఆవిడకు నిజమనిపిస్తుంది. మౌలాలిలో మా అమ్మకూ రెండు పోర్షన్లు ఉండేవి. కిరాయి ఆలస్యమైతే ఆవిడ ఓర్చుకునేది. మెట్ల దగ్గర ఎదురుపడ్డ మనిషి తల తిప్పుకుంటే మాత్రం ఆ రాత్రి నిద్రపోయేది కాదు. ఆ ఆరు వేలు ఇవాళే ఇవ్వండి. చేతికి కాదు, ఎప్పుడూ పంపే ఫోన్‌పేలోనే వేసి, "ఆగస్టు కిరాయిలో 6,000" అని మెసేజ్ పెట్టండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు కొడుకు మాటలు. "ఖాళీ చెయ్" అనడం వేరు, ఖాళీ చేయించడం వేరు. ఆ రెండింటి మధ్య చాలా దూరం ఉంది, ఆ దూరమే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆస్తి. రాసుకున్న కాగితం లేకపోయినా నెల నెలా కిరాయి ఇస్తూ ఉంటున్నారు కాబట్టి మీరు కిరాయిదారే. ఆరేళ్ల ఫోన్‌పే లెక్క, ఆ అడ్రస్ మీదున్న గ్యాస్ పుస్తకం, పిల్లల స్కూలు రికార్డు దానికి సాక్ష్యం. ఇలాంటి నెలవారీ కిరాయిని ఆపాలంటే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఓనర్ సంతకంతో రాతపూర్వకంగా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. గడువు దాటాక మీరు కదలకపోతే ఆవిడ సివిల్ కోర్టులో దావా వెయ్యాలి. మీకు సమన్లు రావాలి, మీ మాట కోర్టు వినాలి, తీర్పు రావాలి. ఆ తీర్పును అమలు చేయించమని మళ్లీ కోర్టునే అడగాలి. అప్పుడు కోర్టు పంపిన మనిషి వచ్చి ఖాళీ చేయిస్తాడు. కొడుకు కాదు, కొడుకు తెచ్చిన నలుగురు కుర్రాళ్లు కాదు, కోర్టు ఆర్డర్ లేకుండా పోలీసులూ కాదు. ఇల్లు సొంతదారుదే అయినా, అందులో స్థిరంగా ఉంటున్న మనిషిని చట్టం దారిలో తప్ప బయటికి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది, ఆ తర్వాతా చెబుతూనే ఉంది.

అతను నిజంగానే మీరు పనిలో ఉన్నప్పుడు తాళం వేశాడనుకోండి. వెంటనే 100కు ఫోన్ చెయ్యండి. తాళం, బయట పడేసిన సామాను ఫొటోలు తియ్యండి. అప్పటికీ లోపలికి రానివ్వకపోతే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్తే, ఇల్లు ఎవరిదన్న చర్చ లేకుండానే మళ్లీ మీకు స్వాధీనం ఇప్పించమని అడగొచ్చు. మోటారు ఆపిన రోజు తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మళ్లీ ఆపితే నల్లా ఫొటో తీసి, "ఈ రోజు పైకి నీళ్లు రాలేదు ఆంటీ" అని మర్యాదగా ఒక మెసేజ్ పంపండి. గొడవ వద్దు, గుర్తు ఉంటే చాలు.

ఇది చదివి మీ లీడర్ మాటే నిజమనుకోకండి. ఆయన చెప్పే ఇరవై ఏళ్ల కథ పాత రెంట్ కంట్రోల్ రోజులది, అంటే కిరాయిదారును ఊరికే ఖాళీ చేయించనివ్వని చట్టం నడిచిన రోజులది. 1960 నాటి ఆ చట్టం ఇప్పటికీ ఉంది. కానీ 2005 సవరణ తర్వాత, కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటిన ఇళ్లకు అది వర్తించదు. బోరబండలో రెండు గదులు 3,500కు ఎక్కడ దొరుకుతాయో మీ లీడర్నే అడగండి. ఆ చట్టం కాపాడాల్సిన మనుషుల్లో చాలామంది ఆ ఒక్క అంకెతో బయటపడిపోయారు. 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టంలో అడ్వాన్స్ రెండు నెలలు దాటకూడదని, నీళ్లు, కరెంటు ఆపకూడదని మంచి మాటలున్నాయి. కాకపోతే అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే మీ గుమ్మం దాకా వస్తుంది. కాబట్టి మీ కేసు మామూలు సివిల్ కోర్టు కేసు. అందులో మీకు నెలలు దొరకొచ్చు, ఇంకా ఎక్కువే దొరకొచ్చు. కానీ ఆ నెలలు ఊరికే రావు. బాకీ 30,000తో పాటు, ఖాళీ చెయ్యమన్న తేదీ నుంచి ఉన్నన్నాళ్లకూ నష్టపరిహారం, కోర్టు ఖర్చులు ఆవిడ అడగొచ్చు. కిరాయి కట్టకుండా కూర్చున్న మనిషి మీద జడ్జికి జాలి పుట్టడం కష్టం. నోటీసు సరిగ్గా ఇవ్వలేదన్న ఒక్క పాయింటు పట్టుకుని గెలుద్దామనుకోవద్దు. "కదలకు" అన్నంతవరకు ఆయన మాట సరే. "కట్టకు" అన్నది మాత్రం మిమ్మల్ని ముంచే మాట. రేపు కోర్టులో మీ పక్కన నిలబడేది ఆయన కాదు.

అక్క చెప్పిన డైలీ ఫైనాన్స్ లెక్క వేసి చూశాను. మామూలుగా వాళ్లు ముప్పై వేలంటే ముందే మూడు వేలు పట్టుకుని 27,000 చేతికిస్తారు, రోజుకు 300 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పైకి పది శాతంలా కనిపిస్తుంది. కానీ అసలు రోజు రోజుకూ తగ్గిపోతుంటుంది కాబట్టి, నిజానికి నూటికి నెలకు ఆరేడు రూపాయల వడ్డీ పడుతుంది. అంతకంటే ముఖ్యం, మీకు రోజుకు వచ్చేది 470 లోపు. అందులో 300 ఫైనాన్స్ కుర్రాడికి పోతే మిగిలిన 170తో నలుగురు తినాలి, మందులు కొనాలి, డిసెంబర్ కిరాయి కట్టాలి. జనవరికి ఓనర్ బాకీ మళ్లీ మొదలవుతుంది, దాని పక్కన ఫైనాన్స్ బాకీ కూడా నిలబడుతుంది. ఓనర్ నెలకోసారి అడుగుతుంది, వాడు రోజూ సాయంత్రం గుమ్మంలో బైకు ఆపుతాడు. అప్పు చెయ్యక తప్పదనుకుంటే, మీ దగ్గర మిగిలాయని రాసిన చెవి కమ్మలు బ్యాంకులో పెట్టడం దీనికంటే ఎన్నో రెట్లు నయం. అక్కడ వడ్డీ నెలకు నూటికి రూపాయి అటూ ఇటూగా ఉంటుంది. ఇప్పుడే పెట్టమనడం లేదు. చివరి మెట్టుగా ఉంచుకోండి.

ఇక ఖాళీ చేసి వేరే ఇల్లు చూసుకోవడం. మీరు దాన్ని పౌరుషంగా రాశారు, "పోతే పోయింది, పోయి వేరే దాంట్ల పడుతం" అని. దానికీ ఒక లెక్క ఉంది. అదే బస్తీలో ఇప్పుడు కొత్తగా దిగేవాళ్లకు 8,500 లోపు చెప్పడం లేదని మీరే రాశారు. రెండు నెలల అడ్వాన్స్ 17,000, మొదటి నెల కిరాయి 8,500, ట్రాలీ ఆటోకు రెండు మూడు వేలు, బ్రోకర్ ఉంటే వాడికి సగం నెల. మొత్తం ముప్పై వేలు దాటింది. అంటే పాత ఇంట్లో ఉండిపోవడానికి ఎంత కావాలో, కొత్త ఇంటికి పోవడానికీ అంతే కావాలి. అందులోనూ పాత బాకీ తీరదు, అడ్వాన్స్ పోతుంది. ఖాళీ చేసే ప్రతి కుటుంబానికీ ఈ లెక్క ఇంచుమించు ఇలాగే ఉంటుంది, కానీ కోపంలో ఉన్నప్పుడు ఎవరూ వేసుకోరు. చౌకగా దొరికే చోటికి, గాజులరామారం అవతలికో మరెక్కడికో పోతే కిరాయి ఐదు వేలే కావచ్చు. మరి మధురానగర్‌లో పొద్దున ఆరింటికి గిన్నెలు తోమడానికి మీరు ఎన్నింటికి బయల్దేరాలి? నాలుగు ఇళ్లలో రెండు పోతే ఏడు వేలు పోయినట్టే. డబుల్ బెడ్రూం ఇళ్లలోనూ ఇదే చిక్కు చూశాం. 2023లో కొల్లూరులో 15,660 ఇళ్లు ఒకేచోట కట్టి ఇచ్చారు. ఇల్లు బాగుంది. పని మాత్రం నగరంలోనే ఉండిపోయింది.

ఊరికి వెళ్లడాన్ని నేను కొట్టిపారేయను. కానీ అందరూ ఇప్పుడే పోవడం వద్దు. పదో తరగతి పిల్లను డిసెంబర్‌లో బడి మార్పించడం, రాడ్ వేసిన కాలుకు చెకప్ ఇక్కడే ఉండటం, మీ 14,000 ఆగిపోవడం మూడూ ఒకేసారి మీద పడతాయి. అత్తమ్మ ఊళ్లో ఉంటే బాబును సంక్రాంతి సెలవులకు పంపడం లాంటి చిన్న ఊరట తీసుకోండి, చాలు.

నేను చెయ్యమనేది ఇది. ఆంటీతో ఒప్పందం. రెండు రకాలుగా ఉండొచ్చు, రెండూ మనసులో పెట్టుకుని వెళ్లండి.

మొదటిది, ఉండి తీర్చడం. 30,000లో ఇవాళ 6,000 పోతే 24,000. అడ్వాన్స్‌లోంచి ఒక నెల కిరాయి 7,500 పట్టుకోమని అడగండి, 16,500 మిగులుతుంది. డిసెంబర్, జనవరి నెలలకు ఆ నెల కిరాయి మాత్రం ఇస్తానని చెప్పండి, ఒక్క రోజు ఆలస్యం లేకుండా. మీవారు పనికి వెళ్లే ఫిబ్రవరి నుంచి కిరాయితో పాటు నెలకు 3,300 బాకీ కింద. ఐదు నెలలు, జూన్‌తో మొత్తం తీరిపోతుంది. అడ్వాన్స్ ముట్టుకోనివ్వకపోతే ఇంకో రెండు మూడు నెలలు పెరుగుతుంది, అంతే. ఇంకా పెద్ద అంకె చెప్పాలని మీకు అనిపిస్తుంది. చెప్పకండి. కొడుకు ఎదురుగా నిలబడితే నోటికి "నెలకు ఏడు వేలు కడతా" అని వచ్చేస్తుంది, రెండో నెల తప్పుతుంది, అప్పుడు మీ మాటకు విలువ పోతుంది. ఇది మీవారు ఫిబ్రవరిలో సగం రోజులే పని చేసినా ఇవ్వగలిగిన అంకె. ఆవిడ గట్టిగా పట్టుబడితే జూన్ నుంచి కిరాయి 8,000 చేస్తానని ఒప్పుకోవచ్చు. బరువే, కానీ బయట దొరికే 8,500 కంటే తక్కువ, పైగా కొత్త అడ్వాన్స్ అక్కర్లేదు.

రెండోది, తేదీ చెప్పి వెళ్లిపోవడం. ఇల్లు ఎక్కువ కిరాయికి ఇవ్వాలన్నదే అసలు కారణమైతే మొదటి మాటకు కొడుకు ఒప్పుకోడు. అప్పుడు, "పాప పరీక్షలు అయిపోనివ్వండి, మే 31కి మేమే తాళం చెవి ఇస్తాం, అప్పటిదాకా నెల నెలా కిరాయి ఇస్తాం, పాత బాకీలో అడ్వాన్స్ మొత్తం పట్టుకోండి" అనండి. ఆరు వేలు, 15,000 పోతే 9,000 మిగులుతుంది. అందులో కొంత వదిలెయ్యమని అడగండి. వింతగా ఉందా? కోర్టుకు వెళ్తే వకీలుకే అంతకంటే ఎక్కువ అవుతుందని కొడుకుకు తెలుసు. అతనికి కావాల్సింది ఖాళీ ఇల్లు, మీకు కావాల్సింది మార్చి నెల. దీనిలో నష్టం కూడా చెప్తాను. మేలో కొత్త ఇంటి అడ్వాన్స్ మొత్తం మీరే కూడబెట్టుకోవాలి. ఫిబ్రవరి నుంచి దానికోసం పక్కన పెట్టకపోతే జూన్‌లో వీధిలో పడతారు. ఆరేళ్ల ఇరుగుపొరుగు పోతుంది, చిన్నవాడి బడి మారొచ్చు. అయినా గెంటించుకుని పోవడానికీ, చెప్పి పోవడానికీ తేడా ఉంది. కొత్త ఓనర్లు పాత ఓనర్‌కు ఫోన్ చేసి అడుగుతున్న రోజులివి.

ఏది కుదిరినా కాగితం మీద పెట్టండి. బాకీ ఎంత, ఎప్పుడెప్పుడు ఎంత, ఇస్తున్నంతకాలం ఖాళీ చెయ్యమని అడగకూడదని, నీళ్లు ఆపకూడదని. నాలుగు వాక్యాలు, తేదీ, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. ఫోన్‌పేలోనే ఇమ్మన్నదీ, దేనికిస్తున్నారో రాయమన్నదీ ఇందుకే. రేపు మాట తేడా వస్తే మీరు ప్రతి నెలా ఇచ్చారని చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు. కిరాయి తీసుకోనని వాళ్లే వెనక్కి పంపితే ఆ స్క్రీన్‌షాట్ దాచి, ఆ డబ్బు ఖర్చు పెట్టకుండా పక్కన ఉంచండి. ఖాళీ కాగితం మీద, "ఖాళీ చేస్తున్నాను" అని వాళ్లు రాసి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఎంత ఒత్తిడి చేసినా "మావారికి చూపించి రేపు చెప్తా" అనండి.

ఆంటీ ఒప్పుకుని కొడుకు ఒప్పుకోకపోతే, లేదా ఇద్దరూ వినకపోతే, 15100కు ఫోన్ చెయ్యండి. అది న్యాయ సేవాధికార సంస్థ నంబర్. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలు ఉచితం. కోర్టు ఆవరణలో వాళ్ల ఆఫీసు ఉంటుంది. ఇంకా దావా పడకముందే లోక్ అదాలత్‌లో పెట్టించమని అడగొచ్చు. ఓనర్‌కు అక్కడి నుంచి కబురు వెళ్తుంది, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, కోర్టు ఫీజు ఉండదు. ఒప్పందం కుదిరితే దానికి కోర్టు తీర్పుకున్నంత విలువ. ఆ విలువ మీ మీదా పనిచేస్తుందని గుర్తుంచుకోండి. అక్కడ రాసుకున్న వాయిదా తప్పితే, లేదా మే 31 అని రాసి కదలకపోతే, ఆవిడ మళ్లీ కొత్తగా కేసు వెయ్యక్కర్లేదు. అందుకే వెళ్లే ముందు మీ అంకె మీకు తెలియాలి. మొదటి రోజే ఆంటీకి ఇక్కడి నుంచి కబురు పంపించకండి. ఆవిడ కోర్టు ముద్ర చూసి బెదురుతుంది, కొడుకుకు కోపం వస్తుంది. ముందు మీరు వెళ్లి మాట్లాడి, తర్వాతే ఇది.

ఆవిడ వైపు నుంచి ఒక్క మాట. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, మూడు నెలలు కిరాయి అడగొద్దని మన రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది గుర్తుందా? చాలామంది దాన్ని మాఫీ అనుకున్నారు. నిజానికి వాయిదా. తర్వాత విడతలుగా తీసుకోమన్నారు. అప్పుడు కిరాయిల మీదే బతికే ముసలివాళ్లు ఏం తిన్నారని ఎవరూ అడగలేదు. మీ ఆంటీకి పింఛను లేదని మీరే రాశారు. మీరు మూడు నెలలు కట్టకపోయినా నోరెత్తని మనిషి, బహుశా కొడుకును డబ్బు అడగాల్సి వచ్చి ఉంటుంది. అతను అలా ఊగిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఇది నా ఊహే. కానీ మాట్లాడేటప్పుడు ఇది మనసులో ఉంటే మీ గొంతు వేరేగా ఉంటుంది.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి. మేస్త్రీ పదివేలిచ్చి మాయమయ్యాడు. అది దానం కాదమ్మా, మీవారికి రావాల్సిన దాంట్లో కొంత మాత్రమే. పని చేస్తూ పడి కాలు విరిగితే పరిహారం ఇవ్వాలని చట్టం ఉంది. 2025 నవంబర్ దాకా అది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్. కోలుకునేదాకా, నెల జీతంలో పావు వంతు చొప్పున పదిహేను రోజులకోసారి ఇవ్వాలి. జీతాన్ని లెక్కకు 15,000 వరకే తీసుకుంటారు. దాంట్లో పావు 3,750. నెలకు రెండుసార్లు, 7,500. సరిగ్గా మీ ఇంటి కిరాయి. అంటే ఆ మేస్త్రీ చట్టం ప్రకారం నడిచి ఉంటే, మీరు ఇవాళ వెనక గేటు వాడేవారు కాదు. వైద్యం ఖర్చు కూడా అడగొచ్చు. మేస్త్రీ దొరక్కపోతే ఆ పని చేయించిన బిల్డర్‌ను కూడా చేర్చొచ్చు. ప్రమాదం జరిగిన రెండేళ్ల లోపు దరఖాస్తు చెయ్యాలి, మీకింకా చాలా టైమ్ ఉంది. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు, ఆ రోజు పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు, మేస్త్రీతో మాట్లాడిన కాల్ లిస్టు, పది వేలు ఎలా ఇచ్చాడో ఆ ఆధారం, ఇవి పట్టుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడగండి. 15100 వకీలు ఈ పనికి కూడా వస్తారు. ఈ డబ్బు జనవరికి అందదు. నెలలు పడుతుంది, తిప్పుతారు. అందుకే దీన్ని బాకీ తీర్చే లెక్కలో కలపలేదు. కానీ దరఖాస్తు పని మీవారికి అప్పజెప్పండి. గోడ వైపు తిరిగి పడుకుంటున్నారని రాశారు. మంచం మీద కూర్చుని ఆ రోజు ఏం జరిగిందో గంట గంటకూ చెప్పమనండి, పాప రాసుకుంటుంది.

నెల ఖర్చులో ఒకటి మీ దృష్టికి రాలేదేమో. మీ పోర్షన్‌కు వేరే మీటర్ ఉందని, కరెంటుకు ఆరేడు వందలు కడుతున్నామని రాశారు. తెల్లకార్డు ఉంది కదా. 200 యూనిట్ల లోపు ఉచితమన్న గృహజ్యోతి కిరాయికి ఉన్నవాళ్లకు కూడా వర్తిస్తుంది. మీటర్ ఓనర్ పేరు మీద ఉన్నా ఫర్వాలేదు. పాత బిల్లు మీదున్న కనెక్షన్ నంబర్, అంటే యూఎస్‌సీ నంబర్, రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని జీహెచ్ఎంసీ ఆఫీసులో ప్రజాపాలన కౌంటర్‌లో అడగండి. ఆ ఆరేడు వందలు మీవారి మందులకు వస్తాయి.

చివర్లో అడిగారు, ఇన్నాళ్లు అమ్మలా చూసిన మనిషిని కాగితం మీద సంతకం అడిగితే అవమానించినట్టు కాదా అని. "మీ మీద నమ్మకం లేక కాదు ఆంటీ, నేను మళ్లీ తప్పితే నన్ను అడగడానికి మీ దగ్గర ఉండాలని" అని ఇవ్వండి. కొడుకు లేనప్పుడు వెళ్లండి, పని నుంచి వచ్చాక, ముందు గేటు నుంచే. కాగితం తెలుగులో, రెండు ప్రతులు. ఆవిడకు చదవడం వచ్చన్నారు కదా, చదువుకోనివ్వండి, తొందరపెట్టకండి. రాత్రి కొడుకుతో మాట్లాడి చెప్తానంటే సరేనని వచ్చెయ్యండి. వచ్చాక మీ సంతకం ఉన్న కాగితం ఫొటో తీసి ఆవిడ నంబర్‌కు పంపండి.